పలికేవాళ్ళు

మా లోయలో మాట కాలినడకన పోదు.
పోవాలంటే రెండు గంటలు:
వాగు దిగాలి, చెక్క వంతెన దాటాలి,
హేజల్ తోపుల్లో మోకాళ్ళు పట్టుకుని ఎక్కాలి.
అందుకని మా పెద్దవాళ్ళు మాటకు రెక్కలు కట్టారు.
నాలుక మడిచి, వేలి కణుపు పళ్ళకానించి ఊదితే
"గొడ్డలి పంపించు" అన్న మాట
నల్లసముద్రం మీంచి వచ్చిన మబ్బును చీల్చుకుని
అవతలి కొండ మీద ఎవరి గుమ్మంలో వాలాలో అక్కడే వాలుతుంది.

చెల్లెలు ముబెర్రా ఈల నా ఈల కంటే గట్టిది.
ఒక కడుపున పుట్టాం, ఒకే దుప్పటి లాక్కున్నాం.
అయినా ముప్పై ఏళ్ళుగా కింది ఇంటి నుంచి నాకొచ్చేది
గింజలు కిలో ఎంత, లారీ ఎప్పుడు,
నా జల్లెడ ఎక్కడ.
తప్పు పట్టను. జల్లెడ దానిదే.

హాజెర్‌ది అవతలి గట్టు.
మేం ఎదురెదురుగా కూర్చున్నది లెక్కేస్తే పదకొండుసార్లు:
మూడు పెళ్ళిళ్ళు, ఏడు చావులు,
ఒకసారి పంటి డాక్టరు గది బయట బెంచీ మీద.
ఆమె కళ్ళ రంగు అడిగితే తడుముకుంటాను.
కానీ అమ్మ పోయిన రాత్రి
ఊరంతా ఓదార్చి ఓదార్చి అలిసి పడుకున్నాక
చీకట్లోంచి ఒక్క స్వరం వచ్చింది.
అందులో మాట లేదు.
ఊపిరి ఉన్నంతమేరా సాగి, ఆగి, మళ్ళీ సాగింది.
నేనూ అలాగే ఊదాను.
తెల్లారేదాకా ఇద్దరం ఏమీ చెప్పుకోలేదు.
అంతగా ఎవరితోనూ మాట్లాడినట్టు గుర్తు లేదు.

జెవ్దెత్ కొన్యా మైదానంలో పుట్టాడు.
బల్లపరుపు నేల మనిషికి ఈలతో ఏం పని?
పెళ్ళయిన కొత్తలో నేర్పబోతే
ఉమ్మి తప్ప ఏమీ రాలేదు.
మా నాన్న తల పట్టుకున్నాడు, "మూగవాడికిచ్చానే నిన్ను."
మూగవాడు మినీబస్సు నడిపేవాడు.
రోజూ చీకటి పడేవేళ ఆఖరి మలుపులో
హెడ్‌లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించేవాడు,
మంచు కమ్మినా, నేను కిటికీలో లేనని తెలిసినా.
పోట్లాడుకున్న రోజుల్లోనూ వెలిగేవి,
కాస్త విసురుగా.
అది చూసి నేను టీ కింద మంట పెంచేదాన్ని.
ఆ సంగతి ఆయనకెప్పుడూ చెప్పలేదు.
టీ వేడిగానే తాగేవాడు కదా, తెలిసే ఉంటుంది.

ఇక కెస్తానె.
వేయించిన చెస్ట్‌నట్ రంగు, పేరూ అదే.
పుట్టు చెవుడు. అన్న ఇద్రిస్ గోనెసంచీలో వేసి
వాగు దారి పట్టాడు, "ఈలకు రాని కుక్కెందుకు?"
సంచీ లాక్కున్నాను. చేతి మీద పంటిగాట్లు ఇంకా ఉన్నాయి,
అన్నవి కావు, దానివే.
ఇప్పుడది నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంటుంది.
నేను ఈల వేస్తే నా ఎముకల్లో ఏదో కదులుతుంది కాబోలు,
తోకతో నేలను ఒక్కటి కొడుతుంది.
నేను పిలిచింది ఇంకెవరినో. ముందు పలికేది అది.

మొన్న మంచు పడకముందు ముందరి పళ్ళు రెండూ ఊడాయి.
ఈల పోయింది, గాలి మిగిలింది.
సాయంత్రం హాజెర్ పిలిచింది.
గుమ్మంలో నిలబడి ఊదాను. గాలి.
మళ్ళీ ఊదాను.
కెస్తానె తోక ఒక్కటి కొట్టింది.
అవతల మళ్ళీ అదే పిలుపు, ఈసారి కంగారుగా.

జెవ్దెత్ నన్నేమీ అడగలేదు.
టార్చి తీసుకుని, చెప్పులు తారుమారుగా తొడుక్కుని
వాకిట్లోకి వెళ్ళాడు.
కొండ వైపు పట్టి
రెండుసార్లు ఆర్పి వెలిగించాడు.
ఎంతసేపో అక్కడంతా నలుపే.
తర్వాత అవతలి గట్టున ఎవరింటి దీపమో
ఆరి వెలిగింది. ఆరి వెలిగింది.

కింది ఇంటి నుంచి ముబెర్రా ఈల:
"బ్యాటరీలు ఊరికే వస్తున్నాయా మీకు?"

పొద్దున తలుపు తీస్తే మెట్టు మీద
గిన్నెడు మొక్కజొన్న జావ, మెత్తగా,
పళ్ళతో పని లేకుండా.
పైన మూతగా జల్లెడ.
తిరిగిమ్మని ఈల రాలేదు,
ఇంకా.