ఏం పోయిందో

ఏటా అక్టోబరులో
టలీడోలో ఆ ఇంటికి ఒక కవరు వస్తుంది.
"మరో ఏడాది," అంటాడు వెండెల్ క్రాట్జ్
విప్పకుండానే.

గ్యారేజీలో అతను చేసిందేమిటో
ఇర్మాకీ తెలీదు.
ఎన్నిసార్లు ఉతికినా చొక్కాలను వదలని
కాలిన రాగి వాసన తప్ప.

నష్టపరిహారం అడగొచ్చట.
ఎంత పోయిందో రుజువు చూపాలి,
ఏం పోయిందో మాత్రం బయట పెట్టకూడదు.
లాయరు నవ్వు ఆపుకున్నాడు.
పంటికింద రాయిలాంటి ఆ మాటను
పదకొండేళ్లు నమిలాడు వెండెల్.

పన్నెండో ఏట చెక్కొచ్చింది.
ఇంటికప్పు సగం వేయించారు,
ఉత్తరం వైపు.

ఆ రాత్రి గిన్నెలు తుడుస్తూ ఇర్మా అడిగింది:
"ఇంతకీ మనం అమ్మిందేమిటి?"

అతను బల్ల మీద చెంచాను
గిర్రున తిప్పి వదిలాడు.
అది ఆగేదాకా
ఇద్దరూ చూశారు.