పోదుం

ఎగ్మోరు స్టేషనెదుటి సందులో
మొదటి పొద్దునే తెలిసిపోయింది
నాకొచ్చిన అరవం ఆవగింజంతని.
ఆకు మీద నాలుగిడ్లీలు.
బకెట్టుతో వచ్చినాయన సాంబారు వంచుతున్నాడు,
వంచుతూనే ఉన్నాడు.
ఇడ్లీలు ములిగాయి, వరద ఆకు అంచుకొచ్చింది.
ట్రైనింగుకి టైమవుతోందని సువార్తతో అన్నాను,
"పోదుం."
ఠక్కున గరిటె లేచిపోయింది.
వాళ్ళకది 'చాలు' అట.

కొత్త మిషను నేర్చుకు రమ్మని
జిల్లా ఆసుపత్రి పంపిన ల్యాబువాళ్ళం మేం.
పగలంతా ఎవరెవరి నెత్తురో చూసి
చేతులు మూడుసార్లు కడుక్కుని
ఆకలిగా వీధిలో పడేవాళ్ళం.
మెస్సులో రసం పోసే కుర్రాడు
"పులి ఎక్కువ" అని హెచ్చరించాడు.
పులేంట్రా అని సువార్త గ్లాసులోకి వంగి చూసింది.
చింతపండు!
గొంతులో దిగాక నిజంగానే గాండ్రించింది.

రెండో సాయంత్రం ఆవిడ పంతం:
పెద్ద మాలు, మూడో అంతస్తు,
తెర మీద వేలితో నొక్కితే వచ్చే కోడి.
నొక్కాం. నంబరిచ్చారు, నూట డెబ్భై రెండు.
పిలుపు కోసం నిలబడ్డాం
మా కిటికీ ముందు రిపోర్టు కోసం నిలబడేవాళ్ళలాగే.
కోడి బానే ఉంది. విశాఖలో తిన్నదే.
మిగిలిన బంగాళాదుంపలు కాగితంలో చుట్టి
సువార్త బ్యాగులో వేసుకుంది,
మర్నాటికవి సుద్దముక్కలు.

ఆఖరి రాత్రి బీచ్ స్టేషన్ బయట,
జనం ఫోన్ కవర్లు బేరమాడే చోట,
ఒక బండి, బల్బు, బండి వెనక ఒకావిడ.
నారింజరంగు నూడుల్సు, చిటికెన వేలంత లావు,
వొట్టి చేత్తో కలుపుతోంది:
సన్నగా తరిగిన క్యాబేజీ, వేగిన ఉల్లి,
వెల్లుల్లి నూనె, కారం, చింతపండు నీళ్ళు.
"పులి" అన్నాను, అంతా తెలిసినదానిలా.
దాని పేరు అత్తో అట.
"అత్తో, కోడలో, ప్లేటు ఇటివ్వు" అంది సువార్త.
పక్కన చిన్న గిన్నెలో అరటి దవ్వ సూపు,
ఎన్నిసార్లు చాపితే అన్నిసార్లు ఊరికే పోస్తుంది.

మా మాటలు వింటూ వింటూ
ఆవిడ చెయ్యి ఆగింది.
"ఏ ఊరమ్మా? కూడు తిన్నారా?"
మా ఇంట్లో కూడు ఎప్పుడో భోజనమైపోయింది.
చిన్నప్పుడు ఆ మాటన్నందుకు
అమ్మ నా మూతి మీద కొట్టింది.
ఈవిడ తాత మా వైపువాడట, ఓడెక్కి రంగం పోయాడట.
అక్కడ పుట్టిన తండ్రి నూడుల్సు నేర్చాడు,
పొమ్మంటే వచ్చి ఈ ఒడ్డున దిగాడు.
ఊరి పేరు?
మోచేత్తో నుదురు తుడుచుకుంది.
"కొబ్బరి చెట్లుండేవంట."
మా జిల్లాలో కొబ్బరి చెట్టు లేని ఊరేది?
నాకు తెలిసిన నాలుగు పేర్లు చెప్పాను, టెక్కలితో మొదలెట్టి.
ఒక్కోదానికీ తలూపింది
ఏదీ వదులుకోలేనట్టు.

రెండో ప్లేటుకి ముక్కులు కారుతున్నాయి.
రైలింకో గంటలో.
సువార్త చీర చెంగుతో మూతి తుడుచుకుంటూ
"పోదుం" అంది.
ఆవిడ సూపు గరిటె గాల్లోనే ఆపి
మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.
"ఏ పోదుం?"