నాలుగు గొట్టాలు

ఫర్వానియాలో ఇవాళ తూజ్.
కిటికీ అవతల ఎవరో ఎర్రటి పిండి జల్లెడ పడుతున్నట్టుంది.
రాత్రి డ్యూటీ. నేను, ఇంక్యుబేటరు,
పదింటికి పోసుకుని మరిచిపోయిన టీ.

బార్‌కోడు మీద పేరు సగమే పట్టింది: వరికుంట్ల నాగము.
తక్కిన 'నెయ్య' కాగితం అంచు దాటి పడిపోయింది.
ఓబులవారిపల్లె. పరంజాలు కట్టే పని. ముప్పై నాలుగేళ్లు.
సూది గుచ్చుతుంటే అటు తిరిగి, గోడతో చెప్పినట్టు చెప్పాడు:
"చిన్నప్పుడు మా జేజి పక్కన పండుకుంటాంటి మేడమ్.
రాత్రంతా దగ్గుతానే ఉంటాండె.
ఆ దగ్గు ఇనపడకపోతే నాకు నిద్దరే పట్టేది కాదు."

నేను చూసేది అతన్ని కాదు.
అతని తెల్లకణం ఒంటి మీది ఒక పరికరాన్ని.
రెండే గొలుసులు, ఒకటి ఆల్ఫా, ఒకటి బీటా.
పరంజా గొట్టాల్లా పక్కపక్కన నిలబడి
నడుముకి కాస్త కింద ఒక్క గంధకపు ముడి.
పాదాలు కణం పొరలో పాతుకుని ఉంటాయి.
పై కొసన ఆరు వంకులు, తడిమే ఆరు వేళ్లు.
వాటిలో నడిమి రెండింటికీ అచ్చు లేదు.
జన్యువుల మూటలోంచి ఇక్కడో పేలిక, అక్కడో పేలిక తీసి
అతుకు దగ్గర తోచిన నాలుగక్షరాలు ఇరికించి
చీకట్లో కుట్టిన కుట్టు అది.
కవలలకైనా ఒకేలా పడదు.

దాని చదువంతా రొమ్ము ఎముక వెనక.
ఏదీ పట్టుకోలేనిది అక్కడే చస్తుంది.
సొంతవాళ్లనే మరీ గట్టిగా పట్టుకున్నదీ చస్తుంది.
నూటికి రెండో మూడో గడప దాటుతాయి.
ఆ బడి కూడా, మనకి వయసొచ్చేకొద్దీ,
కొవ్వు పేరుకుని మూతబడుతూ వస్తుంది.

పైగా మూగది. తోక మరీ పొట్టి,
తాకిన కబురు లోపలికి తానే చెప్పుకోలేదు.
పక్కన నిలబడ్డ తోడుగాళ్లు మోసుకెళ్లాలి.
కానీ సరైన దాన్ని పట్టుకుందా,
లాగేకొద్దీ బిగిసే ఉచ్చుముడి.

బూడిద మూత, ఆకుపచ్చ, పసుపు, ఊదా.
మొదటి గొట్టంలో ఏమీ లేదు.
చివరిదాన్లో ఎంత మొద్దునైనా లేపే మందు.
నడిమి రెండింటి గోడలకి క్షయ తునకలు పూసి ఉంటాయి.
క్రిమి కాదు, దాని చొక్కా గుండీలనుకోండి.
బయట అర్ధరాత్రికి నలభై. పెట్టెలో ముప్పై ఏడు,
మనిషి లోపలి వేడి.

ఎనిమిదేళ్లప్పుడు జేజి దగ్గు వెంట వచ్చినవాణ్ణి
చుట్టుముట్టి, గోడ కట్టి, కూచోబెట్టేశాయి అవి.
అతనికి ఒక్క పూట జ్వరం కూడా రాలేదు.
ఆ కాపలావాళ్ల మునిమనవలు
ఇరవై ఆరేళ్లుగా రక్తంలో గస్తీ తిరిగి,
ఏడాది కిందట జలీబ్‌లో ఎనిమిది మంది గదిలో తిరిగి,
నిన్న ఒక్క సిరంజిలో నా దగ్గరికొచ్చి
గోడకున్న గుండీని గుర్తుపట్టి
రాత్రంతా కేకలు పెట్టాయి.

అంకె వచ్చింది. ఒకటి పాయింటు తొమ్మిది.
గీత సున్నా పాయింటు మూడు ఐదు దగ్గరుంది.
ఫారంలో రెండే గడులు.
గెలిచింది అని రాయడానికి గడి లేదు.
ఎక్స్‌రే ఎలా ఉందో నాకు తెలియదు, అది పై అంతస్తు.
ఉంచాలో పంపాలో తేల్చేది ఇంకెవరో.
నేను అంకె మాత్రమే కొడతాను.
కొట్టేముందు తొమ్మిదిని రెండుసార్లు చూశాను,
ఏడేమోనని. ఏడైనా ఒకటే.

వరండాలో ఉన్నాడు, కనుబొమల మీద దుమ్ముతో.
"ఏమంటాంది మేడమ్ నా రగతం?"
చెప్పకూడదు. రూలు.
"మీ జేజి గుర్తుందట" అన్నాను.
పళ్లన్నీ కనపడేలా నవ్వాడు.
"గుర్తుండకుండా యాడికి పోతాది మేడమ్.
మరి పాసేనా?"

మందూబ్ రెండోసారి పిలిచాడు.
దుమ్ములో బస్సు కనపడలేదు గానీ
హారన్ మోగుతూనే ఉంది.