లోపలి గుడ్డ

అమీర్‌పేటల బట్టల దుకాణం, మూడో అంతస్తు.
ఆరు ట్రయల్ రూములు, ఆరు అద్దాలు, ఒక ప్లాస్టిక్ స్టూలు.
పదకొండేండ్లు ఆ స్టూలు నాదే.
కూసుంటె సూపర్‌వైజర్ చూస్తడని
దాని పక్కన నిలబడే ఉన్న.

నా పేరు మణెమ్మ.
యూనిఫారం కోటుకు తగిలించిన బిళ్ళ మీద మాత్రం మోనా.
కస్టమర్లకు నోరు తిరగాలె గదా అన్నరు.
ఇంటికి పోయేటప్పుడు రైల్ల బిళ్ళ తీసి
కొంగుకు ముడేసుకునేదాన్ని.
ఫతేనగర్ నించి బోరబండ దాక
నాకు ఏ పేరూ ఉండకపోయేది.

ఎన్ని వీపులు చూసిన్నో లెక్క లేదు.
జిప్పు ఎక్కని వీపులు,
ఇంటర్వ్యూకు పోయే పిల్లల చెమట వీపులు,
"లావు కనబడుతున్ననా ఆంటీ?"
లేదమ్మ, లేదమ్మ.
సాయంత్రం పాత పేపరుతోని అద్దాలు తుడిచేది నేనే.
అండ్ల వేలిముద్రలు కనబడేటియి.
ఎనక నిలబడ్డ మనిషి కనబడకపోయేది.

ఓనరమ్మ వాడి ఇచ్చిన జాకెట్లు తొడిగేదాన్ని.
ఆమెది పుల్లలాంటి ఒళ్ళు.
చంకల కింద పట్టేది,
మూడో హుక్కు కాడ పిన్నీసు.
సగం ఊపిరే తీసుకునుడు అలవాటైంది,
నా ఊపిరే అంత అనుకున్న.
మాట గూడ సగంల ఆగేది.

కింద బేస్‌మెంటుల ఆల్టరేషన్ మిషన్ మీద రహమతుల్లా చాచా.
కండ్లకు పొర వచ్చి సూదిల దారం పోతలేదని
అన్నం గంటల నన్ను పిలిచేటోడు.
ఒకనాడు దారం. ఒకనాడు హుక్కులు. ఇంకొకనాడు
"పెడల్ మీద కాలు పెట్టు బేటీ,
భయపడుకుంట తొక్కితే సూది నీ భయాన్నే కుడ్తది."

ఒక కుర్తా తిరగేసి చూపెట్టిండు:
"ఇగో, లోపల ఇంత గుడ్డ మడిచిపెట్టిన్రు.
మంచి దర్జీ అంచుదాక కత్తెర పెట్టడు.
మనిషి ఉన్నట్టే ఉండదని ఎరుక వానికి."

ఆ రాత్రి నిద్ర పట్టలే.
నన్ను కుట్టినోళ్ళు ఎంత గుడ్డ వదిలిన్రో
ఎన్నడన్న తిరగేసి చూసుకున్ననా?

ఆదివారం జనరల్ బజార్ల మీటరు గుడ్డ కొన్న,
పండుమిరప రంగు.
తలుపు గడియ పెట్టి టేపు చుట్టుకున్న.
నలభై నాలుగేండ్లకు
నా చుట్టు టేపు తిరుగుడు అదే మొదలు.
అంకె చెప్పను.
ఓనరమ్మ కన్న ఐదంగుళాలు ఎక్కువ.
ఐదంగుళాలు!
ఇన్నేండ్లు ఏడ దాచిపెట్టిన్నో.

మొదటి జాకెటు పాడైంది, మసిగుడ్డ అయింది.
రెండోదాని మెడ బేగంపేట దిక్కు వంగింది.
మూడోది తొడిగి గుండెనిండ గాలి పీల్చిన,
హుక్కులన్ని ఉన్నకాడనే ఉన్నయి.
ఇంట్ల నిలువుటద్దం లేదు, స్టీలు బిందెల చూసుకున్న.
ముఖం వెడల్పుగ కనబడ్డది. కానీ.

చాచా కంటి ఆపరేషన్‌కు పోయిన నెల
"టైలర్ ఎవరన్న దొరుకుతరా?" అని సూపర్‌వైజర్ మెట్ల మీద అరుస్తుండు.
"నేనున్న."
ఎవరు అన్నరా అని నేనే ఎనక్కి తిరిగి చూసిన.
"బిళ్ళ మీద పేరు గూడ మార్పియ్యాలె సార్."
"నోరు తిరగదు గదమ్మ."
"తిప్పుకుంటరు."

నిన్న ఒక డిగ్రీ పిల్ల ఏడ్సుకుంట దిగింది,
చేతిల కొత్త గౌను, ఇంటికాడ ఫంక్షనట.
లేదమ్మ, లేదమ్మ అనలె.
గౌను తిరగేసిన. బ్లేడుతోని కుట్టు విప్పిన.
"చూడు," అన్న, "ఎంత ఉందో."
ముక్కు తుడుచుకుంట వంగి చూసింది.

నా పండుమిరప జాకెటు
ఎడమ చెయ్యి ఇంకా కొంచెం గుంజుతది.
రాత్రికి విప్పాలె.