నీలం పెట్టెలో నా భాగం

ఫర్వానియాలో మందుల షాపు ఖాజాపీరు
ఫోన్లో ఒక గీత చూపించినాడు.
మా రాయచోటి గుట్ట మాదిరి ఎక్కి, దిగి, మళ్ళా ఎక్కింది.
"రెడ్డెమ్మక్కా, బంగారం పెట్టెలో నిద్రపోతాది,
ఇది నువ్వు నిద్రపోయినా పని చేస్తాది.
ఈ ఊర్లో చక్కెర లేని ఇల్లు ఒకటి చూపించు,
నా జీతం నీకిస్తా."

ఏం కంపెనీ అబ్బా అంటే నవ్వినాడు.
"దినామూ నువ్వు చింపే నీలం పెట్టే."

శుక్రవారం సెలవు పూట
అద్దాల బల్ల మీద ఇరవై దినార్లు లెక్కపెట్టి ఇచ్చినా.
వాడి పేరు మీద కొని
నా పేరు గీతల నోటుబుక్కులో రాసుకున్నాడు.
కింద నా సంతకం. రె-కి ఎత్వం వంకర పోయింది.

ఇంట్లో మామా లూల్వా. డెబ్బై తొమ్మిదేండ్లు.
ఫజర్ నమాజు అయినాక చెయ్యి చాపి
మొగం పక్కకి తిప్పుకుంటాది.
సూదికి కాదు, అంకెకి భయం.
నిన్న ఉంగరం వేలు, ఈ పొద్దు చిటికెన.
ఒత్తితే ఎర్రగా ఒక చుక్క.

వాళ్ళ నాయన ముత్యాలకి మునిగేవాడంట,
ముక్కుకి క్లిప్పు, కాలికి రాయి.
"ముత్యం ఎవురికి పోతాది మామా?"
"పడవాయనకి. అప్పు మా నాయనకి," అని
ఖర్జూరాల కోసం చెయ్యి చాపుతాది.
నేను గిన్నె దూరంగా జరుపుతా.

నోటుబుక్కులో పేరు పడినంక
గిన్నె జరపడం రవ్వంత ఆలస్యమైందేమో.
ఒట్టు, నాకు తెలీదు.

పొద్దున ఒకటి, అన్నానికి ముందు ఒకటి, రాత్రి ఒకటి.
చెత్తబుట్టలో పడిన ప్రతి పుల్లా
నాకొక ఫిల్సు అనుకుంటా వచ్చినా.

చలికాలంలో పెద్దకొడుకు ఒక బిళ్ళ తెచ్చినాడు,
తెల్లగా, పాత రూపాయంత. భుజానికి అతికించినాడు.
సూది లేదు, చుక్క లేదు,
ఫోను దగ్గర పెడితే అంకె అదే చెప్తాది.
మామా పదివేళ్ళూ ఆడించి చూసుకునింది,
గోరింటాకు కడుక్కున్న పిల్ల మాదిరి.
"ఖలాస్, రెడ్డా! ఖలాస్!"

నేను బాత్రూములో దూరి ఖాజాపీరుకి ఫోన్ చేసినా.
ఆ బిళ్ళ కూడా మనదేనా?
కొంచేపు పలకలేదు వాడు.
"కాదక్కా. వేరే వాళ్ళది.
మనది దిగుతా ఉండాది."

ముసలామె వేళ్ళకి సెలవు దొరికిన దినం
నాకు ఏడుపొచ్చింది.
దేనికని అడగొద్దు.

నీలం పెట్టెలో ఇంగా పదకొండు పుల్లలు.
మార్చి దాటితే పనికిరావు, పారెయ్ అనింది కోడలు.
రాత్రి గిన్నెలు తోమినాక, వంటింట్లో,
నా చూపుడు వేలు నేనే పొడుచుకున్నా.
ఈ ఇంట్లో తొమ్మిదేండ్లుగా పొడస్తానే ఉండా,
ఇది మాత్రం మొదటిసారి.
సబ్బుకి నాని తోలు మొద్దుబారింది,
చుక్క రానంటే రానని పంతం పట్టింది.

రెండు నూర్ల అరవై ఒకటి.

మిషను తప్పేమోనని ఇంకొకటి చింపినా.
రెండు నూర్ల యాభై ఎనిమిది.

మొత్తం రెండు పుల్లలు.
అందులో నా భాగం ఎంతొస్తాదో
శుక్రవారం ఖాజాపీరుని అడగాల.