యతి స్థానం

ముందు నది కనిపించింది,
తర్వాత నది మీద ఎర్ర వంతెన.
వంతెన మీద కార్లు చీమల్లా లేవు, కార్లలాగే ఉన్నాయి.
అంత కిందికి వచ్చేశాం అప్పటికే.

కాళ్ల కింద చక్రాలు దిగిన చప్పుడు.
లిస్బన్ పెంకుటిళ్లు ఒక్కసారిగా
కిటికీ అద్దానికి ముఖం ఆనించాయి.
ఎవరిదో మిద్దె మీద పసుపు దుప్పటి ఆరుతోంది,
క్లిప్పులు లెక్కపెట్టొచ్చు, ఐదు.
బాల్కనీలో బనియను మనిషి తల పైకెత్తలేదు.
నెత్తి మీంచి ఇంతమందిమి దిగుతుంటే
ఒక్కడూ చూడడేం అని
కాస్త చిన్నబుచ్చుకున్న మాట నిజం.

కార్కు షీట్ల బేరానికి వచ్చినవాణ్ణి.
ఆరు రోజులు, రెండు ఫ్యాక్టరీలు, ఒక కొటేషన్.
అల్వలాద్‌లో మూడో అంతస్తు, లిఫ్టు లేదు,
దియోలిందా గారింట్లో అద్దె గది.
ఎనభై దాటిన ఆవిడ నా పెట్టె వంక చూసి
"ఇందులో రాళ్లున్నాయా?" అంది.
మనవరాలు ఇరియా నవ్వు ఆపుకుంటూ అనువదించింది.

భోజనాల దగ్గర తెలిసింది.
చేప ముల్లు తీస్తూ, ఏదో చెబుతూ చెబుతూ
ఆవిడ ఆగిపోయింది.
నోరు సగం తెరిచే ఉంది, ఫోర్కు గాల్లో.
గ్లాసుల్లో నీళ్లు సన్నగా వణికాయి.
ఇంజన్ల హోరు కప్పు మీంచి దొర్లుకుంటూ పోయింది.
పోగానే
ఆగిన అక్షరం దగ్గరే మాట అందుకుంది,
వదిలిన కుట్టు దగ్గరే సూది దిగినట్టు.
పక్కింటి రేడియో తప్ప
ఆ వీధిలో అందరూ అంతే.
చేపల కొట్లో బేరం ఆగుతుంది.
మెట్ల మీద తిట్టు సగంలో నిలబడి
విమానం పోయాక మిగతా సగం తిడుతుంది.

బళ్లో పద్యం చెప్పిన మేష్టారు
యతి అంటే ఆగడంరా అనేవారు,
ఉత్తినే ఆగితే చాలదు,
ఆగి లేచిన అక్షరం
మొదటి అక్షరంతో చెలిమి చెయ్యాలనేవారు.
అప్పుడు నాకు మార్కులు రాలేదు.
ఈ చేపల వాసన బల్ల దగ్గర
నాలుగు నిమిషాలకోసారి
ఆ చెలిమి కలుస్తుంటే విన్నాను,
ఒక్క ముక్క రాని భాషలో.

నాలుగో రోజు పని లేదు.
కొండ మీద కప్పు లేని చర్చికి వెళ్లాం.
ఎన్నో తరాల కిందట ఒక పొద్దున
భూమి కదిలి కప్పు తీసేసుకుంది.
తోరణాలు మిగిలాయి, మొయ్యడానికేమీ లేకుండా.
"మళ్లీ కట్టబోయి మధ్యలో ఆపేశారు" అంది ఇరియా.
ఆవిడ మెట్టు మీద కూచుని, చెప్పు విప్పి,
పాదం నొక్కుకుంటూ
"మా ఆయనలాగా" అంది.

అన్సెల్మో గోడలకి పలకలు అతికే మేస్త్రీ.
ఓ ఆదివారం కాఫీ కలుపుతూ
"దియోలిందా, నేను నీకు" అన్నాడట.
విమానం వచ్చింది. పోయింది.
చెంచా తిప్పుతూనే ఉన్నాడట.
ఏంటంటే, ఏం లేదులే అన్నాడట.
ఆ తర్వాత పంతొమ్మిదేళ్ల కాపురం.
పోట్లాడుకున్నారు, చప్పుడు తగ్గుతుందని
వంటింటి కప్పుకి కార్కు అతికించారు, తగ్గలేదు.
ఎన్నిసార్లడిగినా
ఏం లేదులే దగ్గర్నుంచి అంగుళం కదల్లేదట.

"ఎవరికో అప్పుపడి ఉంటాడు" అంది ఇరియా.
"ఇంకో ఆడదేమో" అంది ఆవిడ తాపీగా,
"లేదా చక్కెర ఎక్కువేశానేమో."
తోరణాల మధ్య ఆకాశంలో, చాలా ఎత్తున
తెల్ల గీత ఒకటి చప్పుడు లేకుండా పోతోంది.
ఆవిడ అలవాటుగా ఆగింది.

ఆ రాత్రి కుర్చీ ఎక్కి వంటింటి కప్పు తడిమాను.
నాలుగు మిల్లీమీటర్లు, సన్న గింజ, మంచి సరుకు.
విమానాన్ని ఆపే మందం కాదు.
ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

వెళ్లే రోజు గాలి మారిందట,
ఊరి మీదుగానే లేచాం.
పసుపు దుప్పటి కోసం వెతికాను, లేదు.
పక్క సీటాయన ఏదో అడగబోయాడు,
చెయ్యెత్తి ఆగమన్నాను.
కింద మూడో అంతస్తులో
ఇప్పుడు నా మూలంగా
ఒక ఫోర్కు గాల్లో ఉంటుంది.

నది దాటాక
ఏదో అన్నారు కదా, అన్నాను.