పదకొండు కంతులు

ఇంకా పదకొండు కంతులుండాయప్పా అంటే
కన్సల్టెన్సీ ఆయప్ప నవ్వినాడు.
"అవి నా నెత్తిన ఎయ్యి, తాళాలు నా చేతికియ్యి."
కళ్యాణదుర్గం రోడ్డులో రేకుల షెడ్డు,
ఒక్కొక్క అద్దం మీద సున్నంతో రాసిన ధర.
నా కారు అద్దం మీద
నేను చూస్తుండంగానే రాసినారు.

కారిచ్చి, పైన కొంత కట్టి,
చీనీకాయలకు పనికొచ్చే ట్రాలీ తెచ్చుకుంటి.
ఆయప్ప రాసిచ్చింది ఒక్క వాక్యం:
మిగిలిన లోను మేమే కట్టుకుంటాము.
ఎప్పటిలోగా అన్నదానికి
కాగితంలో జాగా లేకపోయె,
రబ్బరు ముద్ర అంత పెద్దది.

అయిదో తేదీ పొద్దున్నే ఫోను.
"కుల్లాయప్ప గారేనా? మీ కంతు రిటర్న్ అయింది."
బండి నా దగ్గర లేదమ్మా అంటి.
"మా కంప్యూటర్లో మీ దగ్గరే ఉంది సార్."
ఆ పిల్ల గొంతులో ఏ తప్పూ లేదు.
వాకిట్లోకి పోయి చూస్తి.
ఇంజనాయిలు కారిన మచ్చ ఒకటి,
దాన్ని తప్పించి ముగ్గేస్తాది లింగమ్మ.

ఆర్టీఓ ఆఫీసు ముందర
జిరాక్సు అంగడి ఏజెంటు చెప్పినాడు:
"రూలుండాది కదప్పా.
ఫైనాన్సోళ్లు ఎన్‌ఓసీ ఇయ్యల్ల,
ముప్పై అయిదో ఫారం మీద సంతకం పడల్ల,
అప్పుడే ఆర్సీ పేరు మారేది."
మరి ఆయప్పకు రూలు లేదా?
"రూలు కాగితానికప్పా, మనిషికి కాదు"
అని ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

నాలుగో నెల, టవర్ క్లాక్ కాడ,
నా కారు.
వెనకద్దం మీద మా పాప అంటించిన సీతాకోకచిలుక
ఒక రెక్క చిరిగి, అట్లనే.
వెనక సీట్లో గుడ్డల మూటలు.
ట్రాలీ అడ్డం పెట్టి దిగితి.
కొట్టేకి వస్తాండానని అనుకున్నాడేమో
తోలే మనిషి కిటికీ ఎత్తుకున్నాడు.
అది సగంలో ఆగుతాదని నాకు తెలుసు.
ఆ సందులోంచే అడిగితి:
"అన్నా, ఆర్సీ నీ పేరు మీదికి వచ్చిందా?"

అప్పుడు దించినాడు.

పెన్నోబులేసంట. ఉరవకొండలో టైలరు.
రూకలన్నీ కట్టినాడు, కాగితం లేదు.
నాకు కాగితముండాది, కారు లేదు.
జతగా పోతిమి షెడ్డు కాడికి. తాళం.
కమ్మీల సందులో రెండు బండ్లు,
ధరలు వానకు కూడా చెరగలేదు.

ఇప్పుడు ప్రతి అయిదో తేదీ
బస్టాండు పక్క టీ అంగడిలో కూర్చుంటాం.
ఆయన సగం లెక్కబెడతాడు, నేను సగం.
కేసేద్దామా అంటాడు.
ఏద్దాం, ముందు ఈ నెలది పోనీ అంటా.
ఇంకా తొమ్మిదుండాయి, వడ్డీ వేరే.

పోయే ముందర తాళాలు నా చేతిలో పెడతాడు,
"సందు మలుపు దాకా నువ్వే తోలప్పా,
మూడో గేరు నాకు పడనే పడదు."
కొంచెం ఎడమకు నొక్కి ఎయ్యల్ల దాన్ని.
అదొక్కటి
ఇంకా చెప్పలేదు ఆయనకు.